వదిలేయడానికే పడతారట

పట్టిన చేపను ఇంటికి తెస్తే పులుసు పెడతానన్నాను. మా అబ్బాయి తలెత్తకుండానే, "తీసుకురాము అమ్మా, వదిలేయడానికే పడతాము" అన్నాడు. వాడు వచ్చే వారం స్నేహితులతోనూ, వారిలో ఒకరి తండ్రితోనూ కలిసి ఫ్లోరిడా కీస్ దీవుల‌లోని ఇస్లమొరాడాకు, ఉప్పునీటిలో, చేతితో కట్టిన తేలికైన ఎరతో చేపలు పట్టే ఫ్లై ఫిషింగ్‌కు వెళ్తున్నాడు. వాళ్ళు వెతికే బోన్‌ఫిష్‌ను పట్టినచోటే వదిలేయాలని 2013 నుంచి ఆ రాష్ట్రంలో నియమం ఉంది.

పుస్తెలమ్మైనా పులస తినాలనే గోదావరి ఒడ్డున పెరిగినదాన్ని నేను. చేప అంటే మాకు ఆహారం; తినని ప్రాణిని నొప్పించకూడదని మా అమ్మమ్మ గట్టిగా నమ్మేది, నేనూ అదే నమ్ముతాను. అందుకే ఈ ప్రయాణం వద్దని చాలా రోజులు పట్టుబట్టాను.

వాడు వాదించలేదు, భోజనాల బల్ల మీద ఎరలు కట్టుకుంటూ కూర్చున్నాడు. చిన్న గాలానికి దారం చుట్టి, రొయ్యపిల్లలా కనిపించేందుకు నాలుగు వెంట్రుకలు చేర్చి, రెండు లోహపు పూసలను కళ్ళుగా బిగిస్తాడు. ఆ పూసల బరువుకు గాలం నీటిలో తలకిందులై, మొన పైకి తిరిగి, అడుగున ఉన్న గడ్డికి తగులుకోకుండా సాగుతుందట. ఆఖరున గాలం మొన దగ్గరి ఎదురుముల్లును ప్లయర్స్‌తో నొక్కి చదును చేస్తాడు, తీసేటప్పుడు చేప నోరు చీరకుండా. చేపను ఎక్కువసేపు అలసిపోనిచ్చినా, నీటి బయట ఉంచినా, వదిలాక అది నిలదొక్కుకోలేక సొరచేపల పాలవుతుందనీ, అందుకే గట్టి గాలపు కర్రతో త్వరగా దగ్గరికి లాగి, తడి చేతులతో మాత్రమే పట్టుకోవాలనీ నాకు వివరించాడు.

పిల్లలు ఇక్కడి అమెరికా ఆటల్లో దేనికైనా సిద్ధమవుతున్నప్పుడు, అభ్యంతరం చెప్పే ముందు ఒక సాయంత్రం వారి పక్కన కూర్చోమని తోటి తల్లిదండ్రులకు చెప్పాలనుకున్నాను. కానీ కూర్చున్నంత మాత్రాన నా అభ్యంతరం తీరిందని చెప్పలేను. సరదా కోసం ఒక ప్రాణి నోట్లో గాలం దించడానికి నా మనసు ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. అయితే ఇన్నేళ్ళుగా ఆదివారాలు పులుసు వండుతున్న నేను, ఆ చేప నీటి నుంచి ఎలా బయటికి వచ్చిందో, ఎంతసేపు కొట్టుకుందో ఒక్కసారైనా అడగలేదు. మా ఇద్దరిలో చేప గురించి ఎక్కువగా ఆలోచించింది వాడేనేమో. అలాగని వాడి దారే సరైనదని అనడానికీ నాకు నోరు రావడం లేదు.

వెళ్ళిరమ్మన్నాను. జూలైలో రాజమండ్రి వెళ్తున్నాం, వరదనీటికి పులస ఎదురెక్కే రోజులవి. మా అన్నయ్య ఎంత ఖరీదైనా కొని వండిస్తాడు. మా అబ్బాయి కంచం పక్కకు జరిపితే బలవంతం చేయాలో, ఊరుకోవాలో నేనింకా తేల్చుకోలేదు.