దాయాదికి దక్కిన డల్హౌసీ

ఎడింబరోలో చదువుకుంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, అందరూ చూసే పెద్ద కోటని మొదటిరోజే చూసేశాం. ఆదివారం "ఇంకెక్కడికి వెళ్దామమ్మా?" అని అడిగితే ఫోన్‌లో మ్యాప్ తెరిచి డల్హౌసీ కోట చూపించాను. "అది హిమాచల్‌లో హిల్ స్టేషన్ కదా!" అంది. ఆ హిల్ స్టేషన్‌కి పేరిచ్చిన గవర్నర్ జనరల్ లార్డ్ డల్హౌసీ పుట్టిందీ పోయిందీ ఈ కోటలోనే అని చెప్పాను. ఇరవై ఏళ్లుగా హైస్కూల్లో సోషల్ చెప్తున్నాను. రాజ్యసంక్రమణ సిద్ధాంతం (కన్నకొడుకు లేకుండా రాజు పోతే, దత్తపుత్రుణ్ణి ఒప్పుకోకుండా రాజ్యాన్ని కంపెనీ కలిపేసుకోవడం), 1853లో మొదటి రైలు, 1854లో అర్ధణా తపాలా... ఎన్నిసార్లు బోర్డు మీద రాసి చెరిపానో! అలాంటిది అరగంట దూరంలో ఆయన ఇల్లుంటే వెళ్లకుండా ఎలా?

వేవర్లీ స్టేషన్‌లో రైలెక్కి న్యూటన్‌గ్రేంజ్‌లో దిగాం. స్టేషన్‌కి కాస్త ముందు, సౌత్ ఎస్క్ నది మీద 23 కమానుల పాత రాతి వంతెన వస్తుంది. దాన్ని చూసే హడావిడిలో గొడుగు రైల్లోనే మర్చిపోయాను. దిగేసరికి జల్లు మొదలైంది. కోటకి తడుస్తూనే నడిచాం.

నది మలుపులో, చెట్ల మధ్య, ఎర్రరాతి బురుజులు. ఇప్పుడది హోటల్. టీ తాగే నెపంతో లోపలికి వెళ్లాం. టీ ధర రూపాయల్లో లెక్కకట్టొద్దని అమ్మాయి ముందే హెచ్చరించింది, కట్టేశాను. గుమ్మం పైన గోడలో రెండు నిలువు గాళ్లున్నాయి. ఒకప్పుడు కందకం మీది వంతెనని పైకి లేపే దూలాలు వాటిలోకి వెళ్లేవట. ఇంకోచోట ఖైదీల్ని తాళ్లతో దించిన చెర. ఆ తాళ్ల ఒరిపిడికి రాయి అరిగిపోయి ఉంది. మన ఊళ్లలో చేదబావి ఒరమీద పడే గాడిలాంటిదే. వేలు పెట్టి చూశాను, నున్నగా తగిలింది.

డల్హౌసీల ఇంటిపేరు రామ్సే. ఈ రామ్సేలు 12వ శతాబ్దంలో ఇంగ్లండ్ నుంచి స్కాట్లండ్ వచ్చారు. 1298లో ఫాల్కర్క్ యుద్ధానికి వెళ్తూ ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ ఇక్కడే ఒక రాత్రి బస చేశాడంటారు. 1400లో నాలుగో హెన్రీ వచ్చి ముట్టడించినా కోట లొంగలేదంటారు. 1600లో ఈ ఇంటి కుర్రాడు జాన్ రామ్సే, పెర్త్‌లో ఆరో జేమ్స్ రాజు మీద కుట్ర చేశాడని చెప్పే గౌరీ ప్రభువుని పొడిచి చంపాడు. 1633లో అతని అన్న కొడుక్కి డల్హౌసీ ఎర్ల్ అనే ప్రభువు బిరుదు వచ్చింది.

నా మనసు మాత్రం సర్ అలెగ్జాండర్ రామ్సే దగ్గర ఆగిపోయింది. 1338లో డన్‌బార్ కోటని ఇంగ్లండ్ సేన చుట్టుముట్టింది. లోపల బ్లాక్ ఆగ్నెస్ అనే ఆవిడ నెలల పాటు నిలబడి పోరాడింది. తిండి అయిపోతున్న సమయంలో ఈయన రాత్రిపూట సముద్రం మీదుగా పడవలో సరుకులు చేర్చాడు. నాలుగేళ్లకి, తనకి రావాల్సిన పదవి ఈయనకి వచ్చిందన్న అక్కసుతో విలియం డగ్లస్ పట్టుకెళ్లి హెర్మిటేజ్ కోటలో పడేసి ఆకలితో చంపాడు. పైనున్న గాదెలోంచి రాలిన గింజలు ఏరుకు తిని 17 రోజులు బతికాడని కథ. కడుపులు నింపినవాడికి ఆకలిచావు! టీతో ఇచ్చిన బిస్కెట్ చేతిలోనే ఉండిపోయింది.

మన గవర్నర్ జనరల్ తండ్రి తొమ్మిదో ఎర్ల్. కెనడాలో గవర్నర్‌గా చేసి హాలిఫాక్స్‌లో డల్హౌసీ యూనివర్సిటీ పెట్టినవాడు. నాకు తల్లి క్రిస్టియన్ బ్రౌన్ ఎక్కువ నచ్చింది. భర్త వెంట కెనడా, సిమ్లా ఎక్కడికి వెళ్లినా అక్కడి మొక్కలు సేకరించి, ఎండబెట్టి, అట్టలకి అంటించి దాచేది. డల్హౌసియా అనే మొక్కల జాతి ఆవిడ పేరు మీదే ఉంది. ఏ పాఠంలోనూ ఆవిడ ఊసు లేదు.

కొడుకు జేమ్స్ 1848లో కలకత్తా వచ్చాడు. సతారా, ఝాన్సీ, నాగపూర్ తీసుకున్నాడు, నిజాం నుంచి బేరార్‌ని లాక్కున్నాడు. మన కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే కోహినూర్‌ని లాహోర్ నుంచి బొంబాయి దాకా నడుం పట్టీలో కుట్టించుకుని మోసుకెళ్లింది కూడా ఈయనే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యేనాటికి గవర్నర్ జనరల్ కూడా ఈయనే. మా వైపు కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలు, ఈయనకి ఒక మార్కు బిట్ ప్రశ్న.

వాన తగ్గాక, ఆయన్ని పూడ్చిన కాక్‌పెన్ పాత శ్మశానానికి నడిచాం. పైకప్పు లేని చిన్న చర్చి, మోకాలెత్తు గడ్డి, మా ఇద్దరి బూట్ల చప్పుడు. 1853లో ఇంటికి తిరిగెళ్తూ భార్య ఓడలోనే చనిపోయింది. జబ్బుతో ఇల్లు చేరిన ఆయన 1860లో, 48 ఏళ్లకే పోయాడు.

"పిల్లలు?" అంది అమ్మాయి.

"ఇద్దరూ ఆడపిల్లలే."

రాణిగారిచ్చిన, ఎర్ల్ కన్నా పెద్దదైన మార్క్విస్ బిరుదు ఆయనతోనే ఆగిపోయింది. ఎర్ల్ బిరుదు మాత్రం దాయాది ఫాక్స్ మాల్‌కి వెళ్లింది. ఆయనకీ పిల్లల్లేరు, 1874లో మళ్లీ ఇంకో దాయాదికి.

అమ్మాయి కాసేపు ఆలోచించింది. "అంటే, ఝాన్సీ రాణి పెంచుకున్న కొడుకు పనికి రాడు, వీళ్ల పినతండ్రుల కొడుకులు పనికొస్తారా?"

టీచర్‌ని కదా, చెప్పబోయాను: బ్రిటన్ చట్టం వేరు, కంపెనీ కింది సంస్థానాల షరతులు వేరు అని. నా చెవికే వకీలు మాటలా వినిపించి మధ్యలో ఆపేశాను. ఈలోగా అది ఫోన్ చూసి, రైలుకి పావుగంటే ఉందని నన్ను పరుగు పెట్టించింది.