వదులైన మాస్క్

ఎడమ చెవి దిబ్బడ వేస్తే జలుబనుకున్నాను. మెడ పక్కన బిళ్ళ కడితే అదే తగ్గుతుందనుకున్నాను. 19 ఏళ్ల వాడికి ఇంకేం తోస్తుంది? చూసిన మొదటి డాక్టర్ కూడా రెండు కోర్సులు యాంటీబయాటిక్స్ ఇచ్చి పంపారు. బిళ్ళ కరగలేదు, నొప్పీ పెట్టలేదు. నొప్పి లేకపోవడమే అనుమానించాల్సిన సంగతని తర్వాత తెలిసింది.

ముక్కు వెనక, గొంతు పైభాగంలో కణితి. నేసోఫారింజియల్ కార్సినోమా అనే క్యాన్సర్. నేను సిగరెట్ ముట్టి ఎరగను. ఈ రకానికి ఎప్‌స్టీన్-బార్ వైరస్‌తో సంబంధం ఉందనీ, ఆ వైరస్ దాదాపు అందరి ఒంట్లోనూ ఉంటుందనీ డాక్టర్ చెప్పాకే అమ్మ 'మనమేం తప్పు చేశాం' అనడం మానేసింది.

రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా మాస్క్ చేయాలని, వేడినీళ్లలో మెత్తబడ్డ ప్లాస్టిక్ వలని ముఖం మీద పరిచి, గడ్డం దగ్గరా ముక్కుదూలం దగ్గరా వేళ్లతో అదిమారు. కాసేపట్లో అది నా ముఖమై గట్టిపడింది. రోజూ దాన్ని టక్ టక్‌మని బల్లకి బిగిస్తే కనురెప్పల వెంట్రుకలు వలకి గీసుకునేవి. మొత్తం 33 సిట్టింగులు, వారానికి 5, కణితికి దాదాపు 70 గ్రే (రేడియేషన్ మోతాదుకి కొలత), మధ్యలో సిస్ప్లాటిన్ కీమో. పెద్దవాళ్లు దీన్ని 'కరెంటు పెట్టడం' అనేవారు కానీ, యంత్రం గుయ్యిమనడం తప్ప లోపల ఏమీ తెలిసేది కాదు. నాకిచ్చిన ఐఎంఆర్‌టీ అనే రేడియేషన్ పద్ధతిలో కిరణాన్ని ఒక్కో దిక్కు నుంచి ఒక్కో మోతాదులో పంపుతారట. చెవుల ముందుండే లాలాజల గ్రంథులకి సగటున 26 గ్రే దాటనివ్వకుండా చూస్తామన్నారు. నేను తలూపాను, అంతే. ప్రాణం గురించి అడుగుతుంటే ఉమ్ము గురించి చెబుతారేమిటి అనిపించింది.

మూడో వారానికి నోరంతా పూత. నీళ్లు మింగినా గాజుపెంకు దిగినట్టుండేది. రుచి పోయింది, ఉమ్ము జిగురైంది, ఒళ్లు ఆరు కిలోలు తగ్గింది. 18వ సిట్టింగు నాడు మాస్క్ గడ్డాన్ని నొక్కలేదు. హాయిగా ఉందే అని లోలోపల సంతోషించాను కూడా. టెక్నీషియన్ స్కాన్ చూసుకుని వచ్చి క్లిప్పులు విప్పేశాడు. "ఇవాళ వద్దు బాబూ."

నేను చిక్కిపోవడంతో మాస్క్ వదులైంది. దానికి తోడు ఆ లాలాజల గ్రంథులు కుంచించుకుపోయి, కిరణాలు పడే చోటికి జరుగుతున్నాయట. తేడా మిల్లీమీటర్లలోనే. మళ్లీ సీటీ, కొత్త మాస్క్, కొత్త ప్లాన్. ఇంకా ఎన్నాళ్లని టెక్నీషియన్ మీద అరిచాను. అరవడానికి గొంతు లేదు కనుక ఆయనకి వినపడి ఉండదు. పోయిన రెండు రోజుల్నీ శనివారాలు పిలిచి పూడ్చారు.

చివరి స్కాన్‌లో కణితి కనపడలేదు. అందరూ ఏడ్చారు, నాకు మాత్రం నోరెండిపోయి మాట పెగల్లేదు. ఆ ఎండిపోవడం నెలల తరబడి వదల్లేదు. సీసా లేకుండా గది దాటేవాణ్ణి కాదు. రాత్రి నాలుగుసార్లు లేచి నోరు తడుపుకునేవాణ్ణి. ఇప్పటికీ థైరాయిడ్ పరీక్ష, పళ్ల డాక్టరూ తప్పవు.

పదకొండో నెలలో ఒక పొద్దున లేచేసరికి సీసా నిండుగా అలాగే ఉంది. దిండు మీద, చెంప ఆనిన చోట, చిన్న తడి మచ్చ. చొల్లు! అమ్మని కేకేసి చూపించాను.