ఇరవై ఒకటో డిమాండ్

పోలండ్ రాజధాని వార్సా నుంచి సముద్రతీర నగరం గ్దాన్స్క్‌కి రైల్లో మూడు గంటలు. స్టేషన్ నుంచి నడిచి షిప్‌యార్డ్ రెండో నంబర్ గేటు దగ్గరికి చేరాను. ముందు కనపడేవి 42 మీటర్ల ఎత్తున్న మూడు ఉక్కు శిలువలు, వాటికి లంగర్లు. 1970 డిసెంబరులో ధరలు పెంచారని రోడ్డెక్కి, తూటాలకు చనిపోయిన కార్మికుల కోసం కట్టినవి. కట్టడానికి పదేళ్లు, ఇంకో పెద్ద సమ్మె పట్టాయి. సముద్రపు గాలికి చెవులు మండిపోయి పక్కనే ఉన్న సాలిడారిటీ సెంటర్‌లోకి దూరిపోయాను. ఈ యార్డు సమ్మెలోంచి పుట్టిన సాలిడారిటీ కార్మిక యూనియన్ కథ చెప్పే మ్యూజియం అది.

లోపల పైకప్పు నిండా కార్మికుల హెల్మెట్లే. రిటైర్మెంట్‌కి ఐదు నెలల ముందు అన్నా వాలెంటినోవిచ్ అనే క్రేన్ ఆపరేటర్‌ని పనిలోంచి తీసేశారు, దాంతో 1980 ఆగస్టు 14న సమ్మె మొదలైంది. ఇంతవరకు నాకు తెలిసిన కథే. తెలియనిది మూడో రోజు సంగతి. యాజమాన్యం జీతం పెంచుతామంది, ఆమెని తిరిగి తీసుకుంటామంది, సమ్మె నాయకుడు లెక్ వాలేసా సమ్మె అయిపోయిందన్నాడు, జనం మూటాముల్లె సర్దుకుని ఇళ్లకు బయల్దేరారు. మరి వీళ్లని చూసి సమ్మెలోకి దిగిన చిన్న చిన్న ఫ్యాక్టరీల వాళ్ల గతేంటి? అప్పుడు వాలెంటినోవిచ్, ఒక నర్సు, ఒక ట్రామ్ డ్రైవరు, ఇంకొందరు ఆడవాళ్లు గేట్ల దగ్గరికి పరిగెత్తి, వెళ్లేవాళ్లని బతిమాలి, తిట్టి ఆపారు. చాలామంది వెళ్లిపోయారు కూడా. ఉన్నవాళ్లతోనే ఆ రాత్రి అన్ని ఫ్యాక్టరీలకూ కలిపి ఒక కమిటీ వేశారు. ఆ గేటు దగ్గర ఆ ఆడవాళ్లు లేకపోతే ఇది జీతాల గొడవగానే ముగిసేదని నాకనిపించింది, పోస్టర్ల మీద మాత్రం వాలేసా మీసాలే.

కమిటీ రాసిన 21 డిమాండ్ల చెక్క బోర్డులు రెండు ఉన్నాయి. మొదటిది స్వతంత్ర యూనియన్లు. కిందికొస్తే నర్సరీల్లో సీట్లు, ఇళ్ల కోసం ఎదురుచూపులు తగ్గించడం, చిట్టచివర శనివారం సెలవు. ప్రభుత్వంతో చర్చలు జరుగుతుంటే మైకుల్లోంచి యార్డంతా వినపడేలా పెట్టారట. నాయకులు లోపల ఏం మాట్లాడుకున్నారో అనే అనుమానానికి చోటే లేదు.

ఆగస్టు 31న ఒప్పందం, తర్వాత సాలిడారిటీ యూనియన్‌లో కోటి మంది దాకా సభ్యులు, 1981 డిసెంబరు 13న సైనిక పాలన, అరెస్టులు, నిషేధం. 1989లో మళ్లీ చర్చలు, జూన్ ఎన్నికల్లో పోటీకి వదిలిన 161 దిగువసభ సీట్లూ, సెనేట్‌లో 100కి 99 సాలిడారిటీవే. తర్వాతొచ్చిన మార్కెట్ రోజుల్లో 1996కల్లా షిప్‌యార్డే దివాలా తీసింది. ఈ ముక్క దగ్గర చాలాసేపు నిలబడిపోయాను.

ఆఖరి హాల్లో సందర్శకులు ఎరుపు, తెలుపు చీటీల మీద ఏదో ఒకటి రాసి గోడకి తగిలిస్తున్నారు. నేనూ ఒకటి తీసుకుని తెలుగులో రాశాను: "మీ ఇరవై ఒకటో డిమాండ్ మా ఆఫీసులో ఇంకా నెగ్గలేదు."