అడాప్టర్ కీచుమంటుంటే ముందు బల్బు పెట్టి చూడండి

అడాప్టర్ కూస్తోందంటే చాలామంది "విప్పి కాస్త గమ్ము పోసెయ్యండి" అంటారు. నేను పోయను. అది ఎప్పుడు కూస్తోందో తెలియాలి, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్.

ఈమధ్య మా వీధిలో అమ్మాయి సెట్‌టాప్ బాక్సు అడాప్టర్ తెచ్చింది, 12 వోల్టులు, 2 ఆంపియర్లది. "బాబాయ్‌గారూ, రాత్రంతా చెవిలో సూది గుచ్చినట్టుంటోంది. మా అత్తయ్యగారికేమో అసలు వినపడట్లేదంట, నాదంతా భ్రమ అంటున్నారు." భ్రమ కాదు. వయసు పెరిగేకొద్దీ ముందుగా పోయేవి పై శ్రుతులే. పాత పిక్చర్ ట్యూబు టీవీల్లో సెకనుకు 15,625 గీతలు పడేవి. పక్కగదిలో టీవీ పెడితే ఆ సన్నటి మోతను బట్టి పిల్లలు పసిగట్టేవాళ్లు, పెద్దవాళ్లకు తెలిసేది కాదు. ఇప్పుడు నాకూ ఆ శ్రుతి అందదు. ఫోన్లో ఏ శ్రుతి మోగుతోందో గీతగా చూపే స్పెక్ట్రమ్ యాప్ పెట్టుకుంటాను, లేదంటే మా అమ్మాయిని పిలుస్తాను.

ఇలాంటి అడాప్టర్లు చాలావరకు సెకనుకు 65 వేలసార్లు, ఆ చుట్టుపక్కల స్విచ్ అవుతాయి, అంటే లోపల కరెంటును కలిపి తెంచుతాయి. అది ఎవరి చెవికీ అందదు. లోడు లేనప్పుడు, అంటే ఏ పరికరమూ కరెంటు లాగనప్పుడు మాత్రం, ఆదా చేయడానికి లోపల దాన్ని నడిపించే చిప్పు (ఐసీ) కాసేపు ఆగి, గుప్పెడు పల్సులు వదిలి, మళ్లీ ఆగుతుంది. ఆ విడతలు సెకనుకు కొన్ని వేలకు దిగాయంటే మనకు వినపడతాయి. వోల్టేజీ తగ్గించే చాపర్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఫెరైట్ కోరు, అంటే తీగచుట్ల నడుమ ఉండే అయస్కాంత దిమ్మ, అణుమాత్రం సాగి ముడుచుకుంటూ ఉంటుంది, వదులుగా ఉన్న తీగచుట్లు అదురుతాయి. పక్కనుండే సిరామిక్ బిళ్ల కండెన్సరు కూడా ఒక్కోసారి కీచురాయిలా మోగుతుంది. విలువా వోల్టేజీ సరిచూసి దాని చోట ఫిల్మ్ కండెన్సర్ వేస్తే సరిపోతుంది. నీలంరంగు బిళ్లను మాత్రం ముట్టుకోవద్దు. అది వై కెపాసిటర్ అనే రకం కండెన్సరు, షాక్ మన దాకా రాకుండా కాపాడేది. అది పాడైతే అదే రకం వేయాలి.

నా పరీక్ష చాలా తేలిక. అవుట్‌పుట్‌కి బైకు ఇండికేటర్ బల్బు తగిలిస్తాను, 12 వోల్టులు, 10 వాట్లది. బల్బు వెలగగానే కూత ఆగిపోతే అడాప్టర్‌కి జబ్బేమీ లేదు, దాన్ని విప్పను. వాడనప్పుడు ప్లగ్ తీసేయమని చెప్పి పంపిస్తాను. ఈ అమ్మాయిది ఆగలేదు సరికదా, ఇంకాస్త బొంగురుగా మారింది. అంటే లోపం ఉన్నట్టే.

విప్పాక పెద్ద కండెన్సర్ని రెసిస్టర్‌తో డిశ్చార్జి చేశాను. దాంట్లో 325 వోల్టుల దాకా ఉంటుంది, ప్లగ్ పీకినా కాసేపు నిలుస్తుంది. అవుట్‌పుట్ వైపు 1000 మైక్రోఫారడ్ కండెన్సరు పైకి ఉబ్బలేదు, చూడ్డానికి కొత్తదానిలాగే ఉంది. కండెన్సర్ లోపలి నిరోధాన్ని (ఈఎస్ఆర్) కొలిచే మీటరు పెడితే 2 ఓమ్‌లు దాటింది. మంచిదైతే 0.1 లోపే ఉండాలి. లోపల ఎండిపోయిందన్నమాట. అప్పుడు అవుట్‌పుట్ ఊగుతుంది, దాన్ని సరిచేయబోయి ఐసీ తడబడుతుంది, ఆ తడబాటే మనం వినేది. 105 డిగ్రీల వేడి దాకా తట్టుకునే లో-ఈఎస్ఆర్ రకం, 25 వోల్టులది వేశాను. మోత చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు.

మిగిలింది చాపర్ కోరు వదులు. దానికి మోటార్ వైండింగ్ షాపుల్లో వాడే ఇన్సులేషన్ వార్నిషే నమ్మకం. కోరు కీళ్లలోకి చుక్కచుక్కగా దింపి రాత్రంతా ఆరనిచ్చాను. హాట్ గ్లూ వేడికి మెత్తబడుతుంది. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ రాగిని తినేస్తుంది. క్విక్ గమ్ము పెళుసుబారి విడిపోతుంది.

మర్నాడు బల్బుతో చాలాసేపు నడిపించాను. మా అమ్మాయి చెవి దగ్గర పెట్టుకుని విని, "ఏమీ లేదు నాన్నా" అంది. ఫోన్లో ఆ గీత కూడా కనపడలేదు.

బోర్డు మాడి నల్లబడితే ఇవేవీ చేయను, కొత్తది కొనుక్కోమంటాను. కొనేటప్పుడు లేబుల్ మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూసుకోండి.