రోజుకు నూరు ముడులు

జనవరి 18

సంక్రాంతి సెలవుల్లోనే మొదలుపెట్టాలనుకున్నాను. సెలవులు అరిసెలకూ చుట్టాలకూ సరిపోయాయి, పని ఈ రోజు మొదలైంది. నా విగ్గుకు ముందు అంచు కత్తిరించేసి, ఆ చోట సన్నటి లేసు కుట్టి, దాని మీద ఒక్కో వెంట్రుకా నేనే ముడి వేసి కూర్చాలి. ఈ చెవి నుంచి ఆ చెవి దాకా నుదుటి మీదుగా పదకొండు అంగుళాల పొడవు, అంగుళంబావు వెడల్పు. విగ్గు మొత్తం చేసేంత ఓపిక నాకు లేదు.

నాది పేనుకొరుకుడు. మూడేళ్ల కింద చెవి వెనక రూపాయి బిళ్లంత కనబడి, ఏడాది తిరిగేసరికి తలంతా అయింది. ఇందులో పేనుకు సంబంధం లేదు. ఒంట్లో రోగాలతో పోట్లాడాల్సిన రక్షణ వ్యవస్థ పోయి పోయి వెంట్రుక కుదుళ్ల మీద పడుతుంది. అంటుకునే జబ్బు కాదు. ఈ మాట అనంతపురంలో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. గురివింద గింజ అరగదీసి పూయమన్నవాళ్లకు కూడా లెక్కలేదు. పూయకండి, అది విషపు గింజ. డాక్టరు దగ్గరికి వెళ్లడం మానలేదు. ఇంజెక్షన్లకు కొంత వచ్చింది, మళ్లీ రాలింది. ఆ కథ ఇక్కడ రాయను.

జనవరి 21

పనిలోకి దిగేముందు, ఇక్కడిదాకా ఎట్లా వచ్చానో రాసిపెట్టుకుంటాను.

మొదటి విగ్గు సింథటిక్, రెండున్నర వేలు. ఫొటోలో బ్రహ్మాండంగా ఉంది. కొన్న మూడో వారం ఆదివారం పొద్దున ఉగ్గానిలోకి మిరపకాయ బజ్జీలు వేస్తున్నాను. బాణలి మీదికి వంగినందుకు నూనె సెగకు ముందు వెంట్రుకల కొసలు ముడుచుకుపోయి మొక్కజొన్న పీచులాగా అయ్యాయి. మామూలు సింథటిక్ పోగు వేడికి అట్లా అవుతుంది, ఇక దువ్వినా రాదు. కుక్కరు ఆవిరి కూడా అంతే చేస్తుందని తరువాత తెలిసింది.

రెండోది అసలు జుట్టుదే, పద్నాలుగు వేలు. కొట్టాయన "తిరుపతి జుట్టు మేడమ్" అన్నాడు. తల మీద వెంట్రుకల మాట వస్తే ప్రతి కొట్టువాడూ అదే అంటాడు. జుట్టు మంచిదే, లోపలి టోపీ మాత్రం నా ప్రాణం తీసింది. వెంట్రుకలను పట్టీలుగా కుట్టి, ఆ పట్టీలను వరసగా టోపీకి కుట్టారు. కింద సొంత జుట్టున్నవాళ్లకు అది తెలియదు. నాలాగా నున్నటి తలకు ప్రతి కుట్టూ తెలుస్తుంది. నాలుగో పీరియడ్‌కల్లా బోర్డు వైపు తిరిగి సుద్దముక్క పట్టుకున్న చేత్తోనే గోక్కునేదాన్ని.

సైజు కూడా తప్పే. కొట్టులో మామూలుగా దొరికే సైజు చుట్టుకొలత ఇరవై రెండు అంగుళాల పైచిలుకు. జుట్టు పోయాక నా తల ఇరవై ఒకటి. నుదుటి అంచు నుంచి చెవుల పైగా మెడ వంపు దాకా టేపు చుట్టి కొలిస్తే కొట్టుకు పోకముందే తెలిసేది. వెనక సర్దుకునే పట్టీ ఉంటుంది కానీ, ఒక అంగుళం దాకా లాగితే నెత్తి మీద ముడత లేస్తుంది.

ఎవరైనా నన్నడిగితే ఒకటే చెబుతాను. కొట్టులో విగ్గు చేతికివ్వగానే తిరగేయండి. జుట్టును అందరూ చూస్తారు. మీరు లోపల చూడండి. నడినెత్తి దగ్గర మోనో గుడ్డ, అంటే పలచటి వల లాంటి గుడ్డ, ఉందా? దాని మీద చేత్తో ముడేసిన వెంట్రుకలు ఉన్నాయా? అట్లాంటిదైతే పాపిట ఎటు తీసినా చర్మం మీద నుంచి మొలిచినట్టే ఉంటుంది, గుచ్చుకోదు కూడా. రబ్బరు షీటులాగా మెరిసే పాలియురెథేన్ బేసు గట్టిగా పట్టుకుంటుంది గానీ మా ఊరి ఏప్రిల్‌లో దాని కింద చెమట నిలుస్తుంది. నాకది పనికిరాలేదు.

ఇప్పుడు నా దగ్గరున్న మూడోది మోనో టాపు, పక్కలకు పట్టీలు, వెనక సాగే గుడ్డ. హాయిగా ఉంది. దీని ముందు అంచు మాత్రం గడ్డపారతో గీత గీసినట్టు దట్టంగా, నేరుగా ఉంది. నుదుటి మీద జుట్టు ఎవరికీ అట్లా మొలవదు.

ఫిబ్రవరి 1

సామాన్లు వచ్చాయి. ముడి వేసే కొక్కెం సూది, దానికి పెన్ను లాంటి పిడి, స్విస్ లేసు (విగ్గులకు వాడే పలచటి వల గుడ్డ) అర గజం, గుండుసూదులు. సూదులకు నంబర్లుంటాయి. ఒకటీ రెండూ వెంట్రుకలు పట్టేది అంచుకు, మూడూ నాలుగూ పట్టేది వెనక వరసలకు. మా వీధిలో మగ్గం వర్క్ చేసే అమ్మాయికి చూపించాను. "ఇది మా ఆరీ సూదికి చెల్లెలు టీచరక్కా" అంది. నిజమే, కొక్కెం అదే తీరు, సన్నమంతే. ధర్మవరం చీరల మీదికి జాకెట్లు కుట్టే పిల్ల, అయిదు నిమిషాల్లో ముడి పట్టేసింది. నాకు ఇంకా పట్టుబడలేదు.

ముందు తల అచ్చు. నెత్తికి వంటింటి ప్లాస్టిక్ రేపరు బిగువుగా చుట్టి, దాని మీద సెల్లోటేపు అడ్డంగా నిలువుగా మూడు పొరలు మా ఆయన అతికించాడు. మార్కరుతో పాత జుట్టు ఎక్కడ మొదలయ్యేదో గీశాం. గీత కోసం పెళ్లి ఆల్బం తెచ్చుకుని పక్కన పెట్టుకున్నాం. నాకు ఎడమ కణత దగ్గర చిన్న సుడి ఉండేదట, నేనే మరచిపోయాను. ఆయన గుర్తుపెట్టుకున్నాడు. ఆ అచ్చును ఊడదీసి థర్మోకోల్ తలకు తొడిగి, సందుల్లో పాత బట్టలు కుక్కాను. థర్మోకోల్ తేలిక, ముడి లాగితే తలే లేచి వస్తోంది. ఇసుక పోసిన అల్యూమినియం డబ్బా మీద బిగించాక కుదురుకుంది.

ఫిబ్రవరి 9

ముడి ఇట్లా. వెంట్రుకల చిన్న పాయ మధ్యలో మడిచి, మడత కొద్దిగా పైకి కనబడేట్టు ఎడమ చేతి బొటనవేలుకూ చూపుడువేలుకూ మధ్య పట్టుకోవాలి. సూదిని లేసు కన్నంలో దూర్చి, ఒక దారం కిందుగా పక్క కన్నంలోంచి పైకి తేవాలి. మడతలోంచి ఒక వెంట్రుకను కొక్కేనికి తగిలించి, వచ్చిన దారినే వెనక్కి లాగాలి. లాగగానే సూది మీద ఒక ఉచ్చు మిగులుతుంది. అదే వెంట్రుకను సూది చుట్టూ ఒక చుట్టు తిప్పి, ఉచ్చులోంచి బయటికి లాగి బిగించాలి. బిగించేటప్పుడు ఎడమ చేయి సడలిస్తే ముడి వదులు, గట్టిగా పట్టుకుంటే వెంట్రుక పుటుక్కుమంటుంది.

మొదటి రోజు గంటన్నరకు పదకొండు ముడులు. అందులో నాలుగు తెల్లారి దువ్వెనకు వచ్చేశాయి.

ఫిబ్రవరి 23

రోజుకు నూరు దాకా వచ్చాను. రాత్రి పేపర్లు దిద్దాక ముప్పావుగంట. ఒక చదరపు అంగుళానికి దాదాపు మూడు వందల ముడులు పడుతున్నాయి. మొత్తం పద్నాలుగు చదరపు అంగుళాలకు నాలుగు వేల పైన. లెక్కల టీచరును గనక ఈ లెక్క చేయకుండా ఉండలేకపోయాను, చేశాక ఆ రాత్రి పని చేయబుద్ధి కాలేదు.

మా అమ్మ వచ్చి చూసింది. "ఈ పాటికి ఒక చీర నేసేదానివి కదా పాపా" అంది.

మార్చి 4

అమ్మ రావడం వల్ల ఒక మేలు జరిగింది. నా కొత్త అంచు నల్లగా, మరీ నల్లగా ఉంది. నాకు నలభై ఒకటి. రాలకముందు కణతల దగ్గర తెల్లవెంట్రుకలుండేవి. విగ్గు రంగుల్లో ఒకటో నంబరు కారునలుపు, బూట్ పాలిష్‌లాగా ఉంటుంది. మన సహజమైన నలుపుకు దగ్గరది 1బి. అది తీసుకున్నా, నా మొహానికి అంత నలుపు ఒకే తీరుగా ఉంటే అతకడం లేదు.

అమ్మ దువ్వుకోగా రాలిన వెంట్రుకలు చుట్టచుట్టి కిటికీ సందులో దాచిపెడుతుంది. వెంట్రుకలకు స్టీలు గిన్నెలిచ్చే బండి వస్తే వేస్తుంది, చిన్నప్పుడు నాకు బుడగలు వచ్చేవి. ఆ చుట్టలోంచి తెల్లవి ఏరుకుంటానన్నాను. ఏరడం తేలికే. చిక్కు వెంట్రుకలతో తంటా ఏమిటంటే కుదురు ఏదో కొస ఏదో తెలియదు. వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి పొర ఉంటుంది, పొలుసులన్నీ కొస వైపుకు వాలి ఉంటాయి. ఒకటి ఇటు, ఒకటి అటు తిరిగి ఉంటే పొలుసులు ఒకదానికొకటి తగులుకుని ఉండ కడుతుంది. గుండు చేయించుకున్న జుట్టుకు అంత రేటు పలికేది అందుకే, పాయలు పాయలుగా కోస్తే కుదుళ్లన్నీ ఒక పక్కనే ఉంటాయి.

దీనికొక చిట్కా ఉంది. వెంట్రుకను పొడుగ్గా బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి, వేళ్లను ముందుకూ వెనక్కూ రుద్దితే వెంట్రుక తనంతట తానే ఒక పక్కకు జరుగుతుంది. ఎటు జరిగితే అది కుదురు. అమ్మ నమ్మలేదు. చేసి చూపించాక గంటసేపు వదల్లేదు, అరవై వెంట్రుకలు వరసగా పేర్చి నా చేతికిచ్చింది. ఇరవైకి ఒకటి చొప్పున కణతల దగ్గర కలుపుతున్నాను.

మార్చి 16

పొరపాటు. ముడులు లేసు మీద నల్లచుక్కల్లా కనబడతాయి, వాటిని బ్లీచ్ చేసి లేత రంగుకు తెస్తారు. ముక్క లేసు మీద ప్రయత్నించాను. పేస్టు పలచగా కలిపానేమో, కన్నాల్లోంచి అవతలికి దిగి వెంట్రుకల మొదళ్లు నారింజ రంగుకు తిరిగాయి, పట్టుకుంటే విరిగాయి. అసలు దాని మీద చేయనందుకు బతికిపోయాను. బ్లీచ్ మానేశాను. చామనచాయ నుదుటి మీద ఆ చుక్కలు అంత కొట్టొచ్చినట్టు కనబడవు. తెల్లటి లేసే ఎక్కువ కనబడుతుంది. దాన్ని చిక్కటి టీ డికాక్షన్‌లో పది నిమిషాలు నానబెడితే నా రంగుకు దగ్గరికి వచ్చింది. ఇది ముడులు వేయకముందే చేయాల్సిన పని, నేను సగం వేశాక చేశాను.

మార్చి 29

కుడి కణత నుంచి నడి నుదురు దాటి ఎడమ వైపు మూడు అంగుళాల దాకా అయింది. మొదటి వారం వేసిన రెండు అంగుళాలు విప్పేశాను. చాలా దట్టంగా వేశాను. అంచు వరసలో ఒక కన్నం వదిలి ఒక కన్నం, అదీ వరస తప్పించి, ఒక్కో వెంట్రుకే. రెండో వరస నుంచి కొంచెం పెంచడం. పాత ఫొటోలో భూతద్దం పెట్టి చూస్తే నా అసలు జుట్టు కూడా అట్లాగే ఉంది, నుదుటి దగ్గర లెక్కపెట్టొచ్చు. కొట్టులో నూటయాభై శాతం డెన్సిటీ (జుట్టు ఎంత దట్టమో చెప్పే లెక్క) అని గొప్పగా అమ్ముతారు. వంద శాతం కూడా నాకు ఎక్కువే.

ఏప్రిల్ 12

నలభై డిగ్రీలు దాటింది. ముందు అంచును తాత్కాలికంగా టాకాలు వేసి బడికి పెట్టుకెళ్లాను, ఎండలో ఎట్లా ఉంటుందో తెలియాలి కదా. ఏడో తరగతి పిల్ల ఒకతె "జుట్టు కత్తిరించుకున్నారా మిస్" అంది. విగ్గు మార్చానని తెలియలేదు, అదే చాలు.

ఎండ నేర్పిన సంగతులు. లోపల తొడుక్కునే టోపీ కొన్నది వద్దు, నైలాను. నాన్న పాత మల్లు పంచెతో రెండు కుట్టాను, కుట్టు పైకి ఉండేట్టు, తల వైపు నున్నగా. మధ్యాహ్నం స్టాఫ్ రూములో తడిసినది తీసేసి రెండోది వేసుకుంటాను. అతికించే టేపు పది గంటలకే చెమటకు జారింది, వెల్వెట్ పట్టీ జారలేదు. టాకాలు వేయడానికి కనిపించదు కదా అని నైలాన్ దారం వాడాను, తెగిన కొన సూదిలాగా గుచ్చుకుంది. మామూలు నల్లదారమే నయం.

స్కూటీ హెల్మెట్ తీసేటప్పుడు విగ్గు వెనక్కి లేస్తుంది. ఎడమ చేత్తో కణతల దగ్గర అదిమి పట్టి కుడి చేత్తో ముందు నుంచి పైకి తీయాలి. హెల్మెట్ లోపల శాటిన్ గుడ్డ వేశాక రాపిడి తగ్గింది.

ఏప్రిల్ 20

తలస్నానం, అంటే విగ్గుకు. ఎండాకాలం ఏడెనిమిది సార్లు పెట్టుకున్నాక ఒకసారి చాలు. మా బోరు నీళ్లు సబ్బు నురగరానివి, ఆ నీళ్లతో కడిగిన పాత విగ్గు చీపురైంది. ఇప్పుడు షాంపూ బోరు నీళ్లతోనే, ఆఖరు రెండు చెంబులు మాత్రం క్యాన్ నీళ్లు. నీళ్లు పై నుంచి కిందికే పోయాలి, రుద్దకూడదు. కండిషనరు చెవుల కింది నుంచి కొసలకే, ముడుల మీద పడితే జారిపోతాయి. కొబ్బరినూనె కూడా అంతే. నూనె పెట్టకుండా జుట్టు ఎట్లా ఉంటుందని అమ్మకు ఇంకా అర్థం కాలేదు. నీడలో, తల దిమ్మె మీద ఆరబెట్టాలి.

ఏప్రిల్ 27

ఆడపడుచు కూతురి నిశ్చితార్థం కదిరిలో. మల్లెపూలు వద్దనడానికి అక్కడ ఎవరికి నోరొస్తుంది? లేసుకు గానీ మోనోకు గానీ పిన్ను తగిలిస్తే చిరుగుతుంది. వెనక పట్టీలున్న చోట, రెండు పట్టీల కుట్టు కలిపి పిన్ను దూర్చి, దానికి మూర పూలు కట్టుకున్నాను. రెండు మూరలైతే బరువుకు విగ్గు వెనక్కి లాగింది, ఒకటి తీసి వదినకిచ్చాను. భోజనాల దగ్గర పెద్దావిడ ఒకరు నా కణత వైపు చూసి, "నీకూ తెల్లవెంట్రుకలు వచ్చేశాయే, రంగేసుకో" అంది. అమ్మ నా వైపు చూసి పప్పులో నెయ్యి కలుపుకుంది.

మే 3

ఎడమ కణత, సుడి ఉండాల్సిన చోటికి వచ్చాను. అక్కడ ముడుల దిక్కు ఒక్కోటీ మార్చాలి, గడియారం ముల్లులాగా తిప్పుకుంటూ. రెండుసార్లు వేసి విప్పాను. ఇంకా అంగుళంన్నర ఉంది. తెల్లవెంట్రుకలు అయిపోయాయి, అమ్మకు ఫోన్ చేశాను.