పరాయి దేశపు సిమ్, మన ఊరి నంబరు

మా పిన్ని వచ్చే నెల కౌలాలంపూర్‌లో ఉన్న కూతురి దగ్గరకు వెళ్తోంది. మొన్న ఆదివారం ఎంవీపీ కాలనీలోని మా ఇంటికి వచ్చి, ఫోన్ నా చేతిలో పెట్టి, "దిగగానే అక్కడి సిమ్ కొనుక్కోమని అమ్మాయి చెప్పింది, ఈ పాత సిమ్ తీసి బీరువాలో పెట్టి వెళ్లనా నాన్నా?" అని అడిగింది. వద్దు పిన్నీ, ఆ పని మాత్రం చేయవద్దు అని వెంటనే చెప్పాను. రెండేళ్ల క్రితం సింగపూర్‌లో నేను దాదాపు అదే పని చేసి, అమ్మను వెంటబెట్టుకొని ఒక పూటంతా ఇబ్బంది పడ్డాను. పిన్నికి చెప్పినదంతా ఇక్కడ కూడా రాస్తున్నాను, ఎందుకంటే విశాఖ నుంచి మొదటిసారి దేశం దాటుతున్నవాళ్లు, అందులోనూ పిల్లల దగ్గరకు వెళ్లే పెద్దవాళ్లు, మా వీధిలోనే చాలామంది కనబడుతున్నారు.

ఆ ప్రయాణంలో రాత్రి విశాఖలో విమానం ఎక్కి తెల్లవారేసరికి సింగపూర్ విమానాశ్రయం చాంగీలో దిగాం. అక్కడ డబ్బు మార్చే కౌంటర్ల దగ్గరే పర్యాటకుల సిమ్‌లు కూడా అమ్ముతారు. పాస్‌పోర్టు ఇస్తే కౌంటర్‌లోని అమ్మాయి దాన్ని స్కాన్ చేసి, సిమ్ నా పేరు మీద నమోదు చేసి ఇచ్చింది. సింగపూర్‌లో ప్రీపెయిడ్ సిమ్ ఏదైనా ఇలా నమోదు కావలసిందే, ఒక్కొక్కరి పేరు మీద మూడింటికి మించి ఇవ్వరు. ఇంతవరకు అంతా సవ్యంగానే జరిగింది. నా ఫోన్ రెండు సిమ్‌ల ఫోనే కానీ, ట్రేలో రెండో చోట మెమరీ కార్డు ఉంది. ఆ రకం ట్రేలో రెండో సిమ్ అయినా పెట్టుకోవాలి, మెమరీ కార్డయినా పెట్టుకోవాలి, రెండూ పట్టవు. అమ్మ ఫొటోలన్నీ ఆ కార్డులోనే ఉన్నాయి కాబట్టి దాన్ని కదపడానికి మనసొప్పక, మన సిమ్‌నే బయటికి తీశాను. నానో సిమ్ అంటే చింతగింజంత ఉంటుంది. దాన్ని పర్సులో చిల్లర వేసే అరలో పడేసి, ఆ తర్వాత దాని సంగతే మరిచిపోయాను.

మూడో రోజు మండాయిలోని జంతుప్రదర్శనశాలకు టికెట్లు కొనబోతే కార్డు పనిచేయలేదు. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం మన కార్డులు ఇచ్చేటప్పుడే దేశంలోని ఏటీఎంలకూ దుకాణాలకూ మాత్రమే పనికివచ్చేలా ఇస్తారు, విదేశీ వాడకాన్ని ఖాతాదారుడే తెరుచుకోవాలి. నేను తెరవలేదు. అప్పటికప్పుడు తెరుద్దామని బ్యాంకు యాప్‌లోకి వెళ్తే, నమోదైన నంబరు ఉన్న సిమ్ ఫోన్‌లో లేదు కాబట్టి లోపలికి రానివ్వలేదు. అమ్మను బెంచీ మీద కూర్చోబెట్టి, పర్సులోని చిల్లర అంతా ఒళ్లో కుమ్మరించి, రూపాయి బిళ్లలకూ సెంట్లకూ మధ్య నుంచి ఆ సిమ్‌ను వెతికి తీశాను. తీసి ఫోన్‌లో పెట్టాక తెలిసింది, బయలుదేరే ముందు విదేశీ రోమింగ్, అంటే మన సిమ్ పరాయి దేశంలో కూడా పనిచేసే ఏర్పాటు, పెట్టించుకోలేదని. సిగ్నల్ గీత ఒక్కటి కూడా రాలేదు. రోమింగ్ పెట్టుకుందామని అక్కడి వైఫైతో మన ఆపరేటర్ యాప్ తెరిస్తే, అది ఓటీపీ పంపుతానంది, ఆ ఓటీపీ వచ్చేది సిగ్నల్ లేని ఆ నంబరుకే. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టయింది మా పరిస్థితి. చేతిలో ఉన్న డాలర్లు రైలుకూ తిండికీ లెక్కగా తెచ్చుకున్నవి. అమ్మ మంచినీళ్ల సీసా ఒళ్లో పెట్టుకొని, "బ్యాంకులో డబ్బులున్నాయి కదా నాన్నా, మరెందుకు తీసుకోవట్లేదు వాళ్లు?" అని మెల్లగా అడిగింది. చివరికి వాట్సాప్‌లో తమ్ముడికి ఫోన్ చేస్తే, వాడు విశాఖలో ఆఫీసు నుంచే తన కార్డుతో టికెట్లు కొని పంపాడు.

ఆ రోజు నాకు స్పష్టంగా అర్థమైన విషయం ఒకటే. పరాయి దేశపు సిమ్ మనకు ఇచ్చేది డేటా మాత్రమే, మనం మనమేనని బ్యాంకుకూ యూపీఐకీ సాక్ష్యం చెప్పేది మన ఊరి సిమ్. అందువల్ల అక్కడి సిమ్ ఎక్కడ చవక అని వెతకడానికి ముందే, ఇక్కడి సిమ్‌ను అక్కడ ఎలా బతికించుకోవాలో చూసుకోవాలి.

దీనికి పెద్దగా ఖర్చు లేదు. విశాఖలో ఉండగానే, ఓటీపీలు చక్కగా వస్తున్నప్పుడే, ఆపరేటర్ యాప్‌లోనో దుకాణంలోనో విదేశీ రోమింగ్ పెట్టించుకోవాలి. మన ఆపరేటర్లు సాధారణంగా రోమింగ్‌లో వచ్చే సందేశానికి డబ్బు తీసుకోరు, కానీ ప్యాక్ లేకుండా మాట్లాడితే, మనకు వచ్చిన కాల్‌కు సైతం, నిమిషాల లెక్కన గట్టిగానే పడుతుంది. మన ప్లాన్‌కు ఏ నిబంధన ఉందో, ప్యాక్ వేయకుండా సందేశాలు వస్తాయో లేదో ఆపరేటర్‌ను అడిగి తెలుసుకున్నాకే బయలుదేరాలి. కార్డు విదేశీ వాడకం కూడా ఆ రోజే తెరుచుకోవాలి. ఇక ఫోన్ సెట్టింగుల్లో మన సిమ్‌కు డేటా రోమింగ్ ఆపేసి, మొబైల్ డేటాకు అక్కడి సిమ్‌ను ఎంచుకోవాలి. ఒక సిమ్‌లో సిగ్నల్ తగ్గితే ఫోన్ తనంతట తానే రెండో సిమ్ డేటాకు మారే ఏర్పాటు కొన్ని ఫోన్లలో ఉంటుంది, ఐఫోన్‌లో అది డేటా స్విచింగ్ పేరుతో కనిపిస్తుంది. దాన్ని కూడా ఆపకపోతే మనకు తెలియకుండానే మన సిమ్ మీద రోమింగ్ డేటా ఖర్చు మొదలవుతుంది. వాట్సాప్ గురించి పిన్ని చాలా కంగారు పడింది గానీ, అందులో కంగారేమీ లేదు. కొత్త సిమ్ పెట్టాక నంబరు మార్చాలా అని అడిగితే వద్దు అనాలి, అంతే. పాత నంబరు మీదే, కొత్త సిమ్ డేటాతో అన్నీ యథాప్రకారం నడుస్తాయి.

పిన్ని ఫోన్‌లో రెండు సిమ్‌లకూ విడివిడిగా చోటుంది, రెండోది ఖాళీగానే ఉంది. అది చూసుకోవడానికి ట్రే తీయబోతే పిన్ కనబడలేదు, పిన్ని వెంటనే గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. ట్రే రంధ్రాన్నీ మైకు రంధ్రాన్నీ ఒకదాన్ని చూసి ఒకటి అనుకోవడం చాలా సులువు, పిన్నీసు మొన మైకులో దిగితే ఆ ఫోన్‌లో మన మాట అవతలివాళ్లకు వినబడదు. అందుకని ఫోన్ పెట్టెలో వచ్చిన మొండి పిన్‌ను వెతికి తెప్పించి, ట్రే చూసుకున్నాక, దాన్ని పాస్‌పోర్టు కవరులో టేపుతో అంటించాను. మలేసియాలో కూడా పాస్‌పోర్టు చూపించే సిమ్ తీసుకోవాలి. సెల్‌కామ్‌డిజీ, మ్యాక్సిస్, యూ మొబైల్ అక్కడి ప్రధాన కంపెనీలు. వారం పది రోజుల పర్యాటకులకు వీటిలో ఏది తీసుకున్నా పెద్ద తేడా ఉండదని నా అభిప్రాయం. అంతకంటే ముఖ్యమైనది, కౌంటర్ దగ్గరే వైఫై ఆపేసి, ఏదైనా ఒక పేజీ తెరుచుకునేదాకా అక్కడి నుంచి కదలకపోవడం. ఒకసారి బయటికి వచ్చేశాక, పనిచేయని సిమ్ పట్టుకొని మళ్లీ లోపలికి వెళ్లడం కుదరకపోవచ్చు. టాక్సీ కోసం గ్రాబ్ యాప్‌ను విశాఖలోనే మన నంబరుతో నమోదు చేసి ఉంచాను, దిగాక ఓటీపీల గొడవ లేకుండా నేరుగా బండి పిలుచుకోవచ్చు. మలేసియా వాళ్లు దిగడానికి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపమనే డిజిటల్ అరైవల్ కార్డును కూడా ఇక్కడే నింపి, ఆ తెర ఫొటో తీసి పెట్టుకుంటే, సిమ్ కొనే లోపల ఇంటర్నెట్ కోసం తడుముకోవలసిన పని ఉండదు.

అమెరికా నుంచి పిల్లలు పంపిన ఫోన్లు వాడేవాళ్లు మరో రెండు విషయాలు చూసుకోవాలి. మొదటిది, అక్కడ వాయిదాల మీద కొన్న ఫోన్‌కు ఆ కంపెనీ తాళం ఉండవచ్చు, అప్పుడు వేరే ఏ సిమ్ వేసినా పలకదు. ఐఫోన్ సెట్టింగుల్లో జనరల్, ఆ తర్వాత అబౌట్ తెరిచి చూస్తే క్యారియర్ లాక్ దగ్గర సిమ్ ఆంక్షలు లేవని రాసి ఉండాలి. రెండోది, ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మిన ఫోన్లకు సిమ్ ట్రే లేదు, ఈ-సిమ్ ఒక్కటే గతి. ఈ-సిమ్ మన చేతికి వచ్చే వస్తువు కాదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఫోన్‌లోనే నిక్షిప్తమవుతుంది. ఫోన్‌లో స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కినప్పుడు ఫోన్ గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఈఐతో పాటు ఈఐడీ అనే పొడవాటి సంఖ్య కనబడితే ఆ ఫోన్‌లో ఈ-సిమ్ సౌకర్యం ఉన్నట్టే. క్యూఆర్ కోడ్‌ను అదే ఫోన్ తెర మీద చూస్తూ అదే ఫోన్ కెమెరాతో స్కాన్ చేయలేం కాబట్టి, దాన్ని కాగితం మీద ముద్రించి వెంట తీసుకెళ్లడం మేలు. మెమరీ కార్డు చోటు తినేసే నా లాంటి ఫోన్ల వాళ్లకు, ఆ ఫోన్‌లో ఈ-సిమ్ ఉంటే, అంతకు మించిన దారి లేదు, మన సిమ్‌ను తీయవలసిన అవసరమే రాదు. ఇంటి దగ్గరే కొనుక్కునే పర్యాటక ఈ-సిమ్‌లలో చాలావాటికి డేటా తప్ప ఫోన్ నంబరు ఉండదని మాత్రం ముందే తెలిసి ఉండాలి.

దేశాన్ని బట్టి లెక్కలు మారతాయి. శ్రీకాకుళం వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్ల ఇళ్లలో ఈ సంగతి అందరికీ తెలిసిందే, దుబాయ్‌లో వాట్సాప్ సందేశాలు వెళ్తాయి గానీ వాట్సాప్ కాల్ కలవదు, అందుకని బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లు వాడతారు. ఐరోపా సమాఖ్యలో 2017 జూన్ నుంచి ఒక దేశపు సిమ్ మిగతా సభ్య దేశాల్లో కూడా అదనపు రుసుము లేకుండా పనిచేస్తుంది, స్విట్జర్లాండ్, బ్రిటన్ ఆ లెక్కలోకి రావు. చైనాలో అక్కడి సిమ్ వేసుకుంటే గూగుల్, వాట్సాప్ తెరుచుకోవు, కానీ మన సిమ్ రోమింగ్‌లో ఉంటే డేటా మన ఆపరేటర్ దారి గుండానే వెళ్తుంది కాబట్టి అవి మామూలుగానే తెరుచుకుంటాయి. చవక ఒక్కటే చూసుకుంటే ఆ దేశంలో చిక్కుకుపోతాం.

తిరిగి వచ్చేటప్పుడు చేయవలసిన పనిని కూడా పిన్నికి ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను. అక్కడి నంబరును ఏ యాప్‌కైనా, ఏ ఖాతాకైనా ఇచ్చి ఉంటే విమానం ఎక్కే ముందే తీసేయాలి, ఎందుకంటే గడువు ముగిశాక ఆ నంబరు ఇంకెవరి చేతికైనా వెళ్తుంది, వాళ్లకు మన సందేశాలు చేరతాయి. విశాఖలో దిగాక మొబైల్ డేటాను మన సిమ్‌కు మార్చుకోవాలి. పిన్ని ఆ చీటీని మడిచి, పిన్ ఉన్న పాస్‌పోర్టు కవరులోనే పెట్టుకొని, రోమింగ్ పెట్టించుకోవడానికి నన్ను వెంటబెట్టుకొని జగదాంబ దగ్గరి దుకాణానికి బయలుదేరింది.