చలి ముదిరేలోపు క్యాంపర్ పని

"బావా, గాలి ఇంకొంచెం పెంచనా?" అని కంప్రెసర్ దగ్గర నుంచి మా బామ్మర్ది కేక. "వద్దురా, గాలి ఒత్తిడి 40 పీఎస్ఐ దాటనివ్వకు" అన్నాను. అంతకు మించితే జాయింట్లకీ వాల్వులకీ ముప్పే.

మిషిగన్‌లో ఈ రాత్రికి గడ్డకట్టే చలట. మా క్యాంపర్, అంటే ఇల్లులాంటి బండి, గొట్టాల్లో నీళ్లు మిగిలితే గడ్డకట్టి పగులుతాయని గాలితో ఊదేస్తున్నాం. ట్యాంకు ఖాళీ చేసి, నీళ్లు కాచే హీటరు చల్లారాక అందులో నీళ్లూ వదిలేసి, ఒక్కో కుళాయీ విప్పుతూ పోయాం. ముందు ధార, తర్వాత తుంపర, ఆఖరికి ఉత్త గాలి. బయటి షవర్ కూడా విప్పాలి, చాలామంది దాన్నే మర్చిపోతారు.

నా బెంగంతా బాల్ వాల్వుల మీదే, అంటే లోపల రంధ్రమున్న గుండు తిరిగి నీళ్లు ఆపే వాల్వులు. పూర్తిగా మూసేస్తే లోపలి గుండు రంధ్రంలో కాసిని నీళ్లు చిక్కుకుంటాయి. గడ్డకడితే నీరు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ఇక ఇత్తడైనా ప్లాస్టిక్కైనా పగలడమే. అందుకే పిడిని సగానికి తిప్పి ఉంచా. తిప్పగానే నాలుగు చుక్కలు రాలాయి, ప్రాణం కుదుటపడింది.

తర్వాత హీటరులోకి వెళ్లకుండా దాన్ని బైపాస్‌లో పెట్టి, గొట్టాల్లోకి గులాబీ రంగు యాంటీఫ్రీజ్ (గడ్డకట్టకుండా కాపాడే ద్రవం) ఎక్కించాం. ఇది ప్రొపిలీన్ గ్లైకాల్ రకం. కారులో పోసేది ఇందులో పొయ్యనే కూడదు, అది విషం. వసంతంలో పిల్లలు తాగేది ఈ గొట్టాల నీళ్లే కదా, డబ్బా మీద రాసిందంతా వాడిచేత పైకి చదివించాకే మూత తీశాను.